యంత్రం వద్దన్న నాణేలు



మా రాయచూరు జిల్లాలో ఏ పెద్ద గుడి హుండీ విప్పినా పని ఒకే తీరుగా సాగుతుంది. జాతర ముగిశాకో, నెలాఖరుకో అధికారులు వస్తారు. సీలు సరిచూసి, తాళం తీసి, పెట్టెను జంపఖానా మీద బోర్లిస్తారు. భక్తులు చుట్టూ కూర్చుని ముందు నోట్లు ఏరి కట్టలు కడతారు. తర్వాత బంగారం, వెండి. ముక్కుపుడకలు, తాళిబొట్లు, దేవుడికి మొక్కిన వెండి కళ్ళు, చిన్న ఊయల బొమ్మలు. వాటిని తూకానికి పంపిస్తారు. ఆఖరున చిల్లర మిగులుతుంది. పసుపు, కుంకుమ, విభూతి, అక్షింతలు, మొక్కు చీటీలు, తలవెంట్రుకలు, అన్నీ కలిసిన చిల్లర. దాన్ని జల్లించి, నాణేలు లెక్కపెట్టే యంత్రంలో పోస్తారు. యంత్రం గరగరమంటూ రూపాయలను ఒక సంచిలోకి, రెండు రూపాయలను ఇంకో సంచిలోకి తోస్తుంది. తనకు అర్థం కానివాటిని పక్కనున్న డబ్బాలోకి నెట్టేస్తుంది.

ఇవాళ నేను చెప్పబోయే మాటలన్నీ ఆ డబ్బా గురించే.

లెక్క తేలి, పంచనామా రాసి, సంతకాలు అయ్యేసరికి అందరూ అలసిపోయి ఉంటారు. ఆ డబ్బా వంక చూసే ఓపిక ఎవరికీ ఉండదు. 'చెల్లని చిల్లర' అని చీటీ రాసి గోనెసంచిలో పోస్తారు. సంచి ఉగ్రాణంలో ఓ మూలకు చేరుతుంది. కొన్నేళ్ళకు సంచులు పెరిగి చోటు చాలకపోతే కిలోల లెక్కన వదిలించుకోవాలనే ఆలోచన మొదలవుతుంది. అలాంటి డబ్బాను ముందు పెట్టుకుని, ఒక్కొక్క బిళ్ళనూ వెలుతురుకు తిప్పి చూసే అవకాశం నాకు దొరికింది. అప్పటినుంచీ ఈ మాట నలుగురికీ చెప్పాలని ఉంది: మన ప్రాంతపు చరిత్ర పుస్తకాల్లో ఎంత ఉందో, ఆ గోనెసంచుల్లోనూ అంతే ఉంది.

ముందు యంత్రం సంగతి చూద్దాం. చిన్న బ్యాంకుల్లో, గుళ్ళలో వాడే మామూలు యంత్రాల్లో ఒక పళ్ళెం గిర్రున తిరుగుతుంది. ఆ వేగానికి నాణేలు అంచుకు జరిగి వరుసగా ఒక పట్టీ మీద సాగుతాయి. ఆ పట్టీకి చిన్నదాని నుంచి పెద్దదాని దాకా సందులుంటాయి. ఏ సందులో పట్టే నాణెం ఆ సందులోనే జారిపోతుంది. అంటే యంత్రం చూసేది అడ్డకొలతను మాత్రమే. నాణెం మీద సింహముందో, రాజు తలకాయ ఉందో దానికి పట్టదు. ఖరీదైన యంత్రాల్లో లోహాన్ని పసిగట్టే ఏర్పాటు కూడా ఉంటుంది. అవి కాస్త గట్టిగా వడపోస్తాయి. అయినా ఏ ఏ నాణేలు గుర్తుపట్టాలో ముందుగా మనం నేర్పినవాటినే అవి గుర్తుపడతాయి.

కొలతను నమ్ముకుంటే మన దేశంలో ఏమవుతుందో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. 2011కు ముందటి స్టీలు రూపాయి ఒకటి, రూపాయి గుర్తు ఉన్న 2011 వరుస రెండు రూపాయల బిళ్ళ ఒకటి తీసుకుని ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి. అంచులు కలిసిపోతాయి. రెండింటి అడ్డకొలతా 25 మిల్లీమీటర్లే. బరువు కూడా 4.85 గ్రాములే. అలాగే పాత స్టీలు అర్ధరూపాయి, 2011 వరుస రూపాయి. రెండూ ఇంచుమించు 22 మిల్లీమీటర్లు, 3.79 గ్రాములు. 2011లో కొత్త వరుస నాణేలు తెచ్చినప్పుడు చిన్న విలువలవి ఒక మెట్టు కిందికి దిగాయి. పాత అర్ధరూపాయి ఒంట్లో ఆ వరుస రూపాయి, పాత రూపాయి ఒంట్లో ఆ వరుస రెండు రూపాయలు. ఇక 27 మిల్లీమీటర్ల దగ్గర మూడు నాణేలు గుమిగూడాయి. చేతి వేళ్ళ బొమ్మ ఉన్న 2007 నాటి రెండు రూపాయలు, పది రూపాయలు, 12 మూలల ఇరవై రూపాయలు. కొలతతో తప్ప చూపుతో పని లేని యంత్రానికి ఇవన్నీ ఒకటే. తూకం వేసి లెక్కగట్టినా పాత రూపాయికీ 2011 వరుస రెండు రూపాయలకూ తేడా రాదు. అందుకే అనుభవమున్న లెక్కింపుదారులు యంత్రంలో పోసేముందు ఒకసారి చేత్తో ఏరతారు. ఆ ఏరడం కాలహరణమని తీసేస్తున్నచోట్ల దాన్ని మళ్ళీ పెట్టాలని నా గట్టి అభిప్రాయం.

ఇప్పుడు డబ్బాలోకి చూద్దాం. అన్నిటికంటే ఎక్కువగా పడేవి మన అల్యూమినియం పైసలు. చదరపు ఒక పైసా, ఆరు పలకల మూడు పైసలు, చదరపు ఐదు పైసలు, పూలరేకుల అంచున్న పది పైసలు, ఆరు పలకల ఇరవై పైసలు. గుండ్రంగా లేవు కాబట్టి పట్టీ మీద సరిగ్గా దొర్లవు. బరువు లేదు కాబట్టి ఎగిరి పడతాయి. పావలా, అంతకు తక్కువ విలువున్న నాణేలన్నీ 2011 జూన్ 30తో చెల్లుబాటు కోల్పోయాయి. అయినా హుండీల్లోకి వస్తూనే ఉన్నాయి. పెద్దవాళ్ళు కాలం చేశాక ట్రంకుపెట్టె అడుగున దొరికిన చిల్లరను బయట పారేయడానికి ఎవరికీ మనసొప్పదు. ఇంట్లో పెట్టుకుంటే పనికిరాదు. దేవుడికి వేస్తే పుణ్యమైనా వస్తుందని హుండీలో వేస్తారు. పాత నాణెం హుండీకి చేరే మొదటి దారి ఇది.

రెండో దారి ముడుపు. ఆపదలో ఉన్నప్పుడు ఒక నాణెం పసుపు గుడ్డలో ముడివేసి దేవుడి పటం ముందు పెడతారు. మొక్కు తీర్చుకోవడం ఏళ్ళ తరబడి వాయిదా పడుతుంది. కట్టినవాళ్ళు పోతారు, కొడుకులో మనవరాళ్ళో ఆ ముడుపును తెచ్చి గుళ్ళో సమర్పిస్తారు. లెక్కింపులో ఆ ముడి విప్పితే గుడ్డ పొడిపొడి అవుతుంది. లోపలి నాణెం పచ్చని చిలుము పట్టి ఉంటుంది. ఆ చిలుము కిందే అసలు సంగతి ఉంటుంది.

ఇక్కడ మా రాయచూరు గొప్పతనం గురించి కొంచెం చెప్పాలి. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఈ అంతర్వేది కోసం కొట్టుకోని రాజులు లేరు. రాయచూరు కోట గోడలో 1294 నాటి తెలుగు శాసనం ఇప్పటికీ ఉంది. కాకతీయుల కాలపు గుర్తు అది. 1520లో కృష్ణదేవరాయలు బిజాపూరు సుల్తాను ఇస్మాయిల్ ఆదిల్‌షాను ఓడించి ఈ కోట పట్టుకున్నాడు. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత అది తిరిగి బిజాపూరు చేతికి పోయింది. ఆపైన మొగలులు, నిజాములు. 1853లో నిజాము ఈ అంతర్వేదిని ఈస్టిండియా కంపెనీకి అప్పగించాల్సి వచ్చింది. 1860లో తిరిగి దక్కింది. ఇంతమంది ఏలిన నేల మీద ఇంతమంది నాణేలూ తిరిగాయి.

అయితే డబ్బాలో ఎక్కువగా దొరికేవి అంత పాతవి కావు, మన తాతల నాటివి. 1948 దాకా రాయచూరు నిజాము రాజ్యం. తుంగభద్ర దాటితే మద్రాసు ప్రెసిడెన్సీ. ఈ ఒడ్డున నిజాము టంకశాలలో కొట్టిన హాలీ సిక్కా, ఆ ఒడ్డున ఇంగ్లీషువాళ్ళ కల్దారు రూపాయి. పైగా బొంబాయి నుంచి వచ్చిన రైలుదారి, మద్రాసు నుంచి వచ్చిన రైలుదారి 1871లో కలుసుకున్నది ఈ రాయచూరులోనే. కాబట్టి రెండు రాజ్యాల సొమ్మూ ఈ బజారులో కలిసి తిరిగింది. సరాఫు కొట్టులో రోజూ మారకం జరిగేది.

ఆ మారకం రేటు నాకు ఎంతో ఇష్టమైన లెక్క. 100 కల్దారు రూపాయలకు 116 రూపాయల 10 అణాల 8 పైల హాలీ. వినడానికి చిక్కుగా ఉంటుంది గానీ, సూటిగా చెబితే 6 కల్దారుకు 7 హాలీ. ఈ 7, 6 ఎక్కడినుంచి వచ్చాయి? కల్దారు రూపాయి బరువు 11.66 గ్రాములు, అందులో వెండి 91.7 శాతం. హాలీ రూపాయి బరువు దాదాపు 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం. గుణించి చూస్తే ఒకదానిలో సుమారు 10.7 గ్రాముల వెండి, ఇంకోదానిలో సుమారు 9.14 గ్రాములు. ఏడు హాలీల వెండి, ఆరు కల్దారుల వెండి దాదాపు సమానం. రాజులూ దొరలూ ఏ ఒప్పందం రాసుకున్నా, సరాఫు త్రాసుకు అందిన నిజమే చివరికి రేటైంది. హైదరాబాదు రాజ్యం భారతదేశంలో కలిశాక కూడా ఈ 7, 6 లెక్కన పాత సొమ్ము కొన్నేళ్ళు నడిచింది. ఆ సిక్కా వ్యవహారం చూడటానికే 1941లో హైదరాబాద్ స్టేట్ బ్యాంకు పుట్టింది. తర్వాత అదే స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయి, 2017లో భారతీయ స్టేట్ బ్యాంకులో కలిసిపోయింది.

మీకు ఒక హాలీ నాణెం దొరికితే ఎలా గుర్తుపట్టాలో చెబుతాను. ఒకవైపు చార్మినారు ఉంటుంది. 20వ శతాబ్దం మొదట్లో, నిజాము మహబూబ్ అలీఖాన్ కాలంలో చార్మినారు బొమ్మ నాణెం మీదికి వచ్చింది. చార్మినారు నడిమి కమాను కిందికి భూతద్దం పెట్టి చూడండి. అక్కడ ఒక ఉర్దూ అక్షరం కనబడుతుంది. 'మీమ్' అక్షరమైతే అది మహబూబ్ అలీఖాన్ నాణెం. 'ఐన్' అక్షరమైతే ఉస్మాన్ అలీఖాన్‌ది. ఒక్క అక్షరం, అదీ ఆవగింజంత. తండ్రి కాలం నాణేనికీ కొడుకు కాలం నాణేనికీ అదే గుర్తు. పైన 92 అన్న అంకె కూడా ఉంటుంది. అది మహమ్మదు ప్రవక్త పేరులోని అక్షరాల విలువను కూడితే వచ్చే సంఖ్య. సంవత్సరం హిజ్రీలో ఉంటుంది. 1362 అని ఉంటే మన లెక్కలో 1943. రెండో ప్రపంచ యుద్ధం జోరుగా సాగుతున్న ఏడాది. రాగికి కరువొచ్చి, ఇంగ్లీషువాళ్ళూ నిజామూ ఇద్దరూ నడుమ చిల్లుపెట్టిన నాణేలు కొట్టించారు. ఆ చిల్లు కాణీలను మొలతాడుకు కట్టుకు తిరిగిన పిల్లలు ఇప్పుడు మన ఊళ్ళలో ముదుసలులు.

ఇంగ్లీషువాళ్ళ వెండి రూపాయి డబ్బాలో పడటానికి కారణం దాని పెద్దరికమే. అడ్డకొలత 30 మిల్లీమీటర్లు దాటుతుంది. ఇప్పటి మన నాణేల్లో అన్నిటికంటే పెద్దది 27. ఏ సందులోనూ పట్టదు, పట్టీ చివరిదాకా వెళ్ళి డబ్బాలో టంగుమని పడుతుంది. ఆ చప్పుడు స్టీలు చప్పుడులా ఉండదు. చెవి ఉన్నవాళ్ళు తల తిప్పి చూస్తారు. రాగి కాణీ సంగతి ఇంకోలా ఉంటుంది. విక్టోరియా రాణి నాటినుంచి నడిచిన పెద్ద కాణీ 25 మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ. మామూలు యంత్రమైతే దాన్ని రెండు రూపాయలుగా లెక్కవేసి సంచిలో కట్టేసే ప్రమాదముంది. బ్యాంకు సంచిలో సీలు పడ్డాక దాన్ని ఎవరు వెతుకుతారు?

సింధనూరు, మాన్వి తాలూకాల్లో మన తెలుగువాళ్ళ క్యాంపులున్నాయి. తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయి ఎడమ కాలువ నీళ్ళు వచ్చాక, కోస్తా జిల్లాల రైతులు ఇక్కడ భూములు కొనుక్కుని, గుడిసెలు వేసుకుని, వరి పండించి, క్యాంపుకో రామాలయం కట్టుకున్నారు. వాళ్ళ తాతలు నిజాము రాజ్యంలో బతికినవాళ్ళు కారు. వాళ్ళ పెట్టెల్లో హాలీ ఉండదు, అన్నీ కల్దారే. అందుకే క్యాంపు గుడి చిల్లరలో ఇంగ్లీషు రాజుల తలలు, పక్కనే ఉన్న పాత ఊరి గుడి చిల్లరలో చార్మినార్లు కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఎవరు ఎక్కడినుంచి వచ్చారో జనాభా లెక్కల కంటే సూటిగా ఆ చిల్లరే చెబుతుంది. ఇలాంటి సాక్ష్యాన్ని కిలోల లెక్కన అమ్మేయాలన్న ఆలోచన వింటేనే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఇక విదేశీ బిళ్ళలు. కృష్ణానది నడుమ లంకలో ఉన్న కురువపురం మా జిల్లాలోదే. శ్రీపాద శ్రీవల్లభులు తపస్సు చేసిన చోటు. పిఠాపురంలో పుట్టిన స్వామి కాబట్టి తెలుగువాళ్ళు ఎక్కడెక్కడినుంచో వచ్చి, పడవెక్కి దర్శనానికి వెళతారు. తుంగభద్ర ఆవలి ఒడ్డున మంత్రాలయం ఉండనే ఉంది. 1671లో రాఘవేంద్రస్వామి బృందావన ప్రవేశం చేసిన క్షేత్రం. ఈవలి ఒడ్డున, మా జిల్లాలో, ఆయన తపస్సు చేసిన పంచముఖి ఆంజనేయుడి గాణధాళు. అమెరికాలో, గల్ఫులో, సింగపూరులో ఉన్న పిల్లలు సెలవులకు వచ్చి అమ్మానాన్నలతో ఈ క్షేత్రాలకు వెళతారు. జేబులో మిగిలిన ఆ దేశపు చిల్లరను దేవుడికి వేస్తారు. విదేశీ నోట్లను మార్చుకునే పద్ధతి ఉంది గానీ, విదేశీ నాణేలను మన బ్యాంకుల్లో తీసుకోరు. తిరుమల పరకామణిలో లాగా దేశాల వారీగా వేరుచేసే ఓపిక, మనుషుల బలం చిన్న గుళ్ళకు ఎక్కడిది? అవన్నీ డబ్బాకే. అమెరికా సెంటు మాత్రం ఒక్కోసారి తప్పించుకుంటుంది. దాని అడ్డకొలత 19 మిల్లీమీటర్లు, 2011 నాటి మన అర్ధరూపాయీ అంతే.

అమెరికాలో దీనికి పెద్ద సంప్రదాయమే ఉంది. అక్కడి సూపర్ మార్కెట్లలో కాయిన్‌స్టార్ అనే యంత్రాలు 1990ల మొదటినుంచీ ఉన్నాయి. ఇంట్లో సీసాల్లో పోగైన చిల్లర తెచ్చి పోస్తే, లెక్కగట్టి, కొంత తగ్గించుకుని రసీదు ఇస్తాయి. గుర్తుపట్టనివి కింది గూట్లోకి వస్తాయి. పోసినవాళ్ళు చాలామంది ఆ గూడు చూడకుండానే వెళ్ళిపోతారు. అక్కడ 1964 దాకా కొట్టిన డైములు, క్వార్టర్లు 90 శాతం వెండివి. లోహం తేడాగా ఉందని యంత్రం వాటిని వద్దంటుంది. అంటే అన్నిటికంటే విలువైనవే తిరిగి వస్తాయి. ఆ గూడు చూసుకుంటూ తిరిగే నాణేల ప్రియులు అక్కడ చాలామంది. మన దగ్గర బజారులో అలాంటి యంత్రాలు కనబడవు. రిజర్వు బ్యాంకు 2023లో, క్యూఆర్ కోడ్ చూపిస్తే చిల్లర ఇచ్చే యంత్రాలను ప్రయోగంగా పెడతామని ప్రకటించింది. అవి చిల్లర ఇచ్చేవే గానీ తీసుకునేవి కావు. మనకు తిరస్కార గూడు అంటే గుడి డబ్బా, బస్సు డిపో లెక్కల గది, కిరాణా కొట్టు గల్లాపెట్టె అడుగు.

నాణేలు కానివి కూడా డబ్బాలో ఉంటాయి. నన్ను అడిగితే వాటిలోనే ఎక్కువ మనుషుల వాసన ఉంటుంది. బ్యాంకు ఇత్తడి బిళ్ళలు గుర్తున్నాయా? డబ్బు తీసుకోవడానికి ఫారం ఇస్తే, గుమాస్తా నంబరు వేసిన ఇత్తడి బిళ్ళ చేతిలో పెట్టేవాడు. కౌంటరులో ఆ నంబరు పిలిచేదాకా దాన్ని గుప్పిట్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చునేవాళ్ళం. కంప్యూటర్లు వచ్చాక ఆ బిళ్ళలు మాయమయ్యాయి. హోటలు టోకెన్లు, చెప్పుల స్టాండు బిళ్ళలు, మిల్లు క్యాంటీను బిళ్ళలు, అన్నీ అంతే. వీటికి ప్రభుత్వ రికార్డు లేదు. ఏ పురావస్తు శాఖా వీటిని జాబితా రాయదు. పేరూ నంబరూ చెక్కిన ఆ ఇత్తడి ముక్క పోతే, ఒక మిల్లు ఉండేదనడానికి, అందులో ఇంతమంది అన్నం తిన్నారనడానికి చేతికి అందే ఆధారం పోయినట్టే.

ఇంకొకటి రామటెంకీ. రాముడి పట్టాభిషేకం ఒకవైపు, ఆంజనేయుడో విల్లమ్ములు పట్టిన రామలక్ష్మణులో ఇంకోవైపు. ఇవి పూజకు పెట్టుకునే బిళ్ళలు. ఏ రాజూ చెలామణీకి కొట్టించినవి కావు. చాలావాటి మీద నమ్మలేనంత పాత సంవత్సరాలు వేసి ఉంటాయి. వీటికి బియ్యాన్ని లాగే శక్తి ఉందనీ, కోట్లు పలుకుతాయనీ చెప్పి మోసం చేసే ముఠాలున్నాయి. ఆ మాట ఎవరన్నా సరే, వాడు మోసగాడే. పూజలో పెట్టుకోండి, దండం పెట్టుకోండి, దానికోసం ఒక్క రూపాయి కూడా ఎవరికీ ఇవ్వకండి. అలాగే ఫలానా ఐదు రూపాయల బిళ్ళకు లక్షలిస్తామని ఫోనులో తిరిగే ప్రకటనలు. ముందు పన్ను కట్టమంటారు, కమీషను పంపమంటారు. పాత నాణేలు కొనే వ్యవహారంతో తనకు సంబంధం లేదని రిజర్వు బ్యాంకు 2021లోనే హెచ్చరించింది. 1968లో వచ్చిన తామరపువ్వు ఇరవై పైసలలో బంగారం కలిసిందని అప్పట్లో పుకారు పుట్టింది. అది ఉత్త నికెల్ ఇత్తడి. లక్ష్మీపూజకు 108 తామర బిళ్ళలు పోగు చేసుకునే ఇల్లాళ్ళ దగ్గరే దానికి అసలైన గౌరవం ఉంది.

రాయచూరు నుంచి వాడి జంక్షన్ వైపు వెళ్ళే రైలు కృష్ణ మీది వంతెన ఎక్కగానే కిటికీల్లోంచి చేతులు బయటికి వస్తాయి. నదికి ఒక నాణెం వేసి దండం పెట్టుకోవడం మనకు అలవాటు. నదీ రేవుల్లో పిల్లలు అయస్కాంతానికి తాడు కట్టి, ఆ నాణేలు పైకి లాగుతారు. అదీ ఒక యంత్రమే. 1990ల తర్వాతి స్టీలు రూపాయలు దానికి అంటుకుంటాయి. 1947 నాటి నికెల్ రూపాయి కూడా అంటుకుంటుంది. రాగి కాణీ, వెండి రూపాయి, ఇత్తడి బిళ్ళ మాత్రం అంటవు. వంద, నూటయాభై ఏళ్ళుగా నదిలో వేసినవి అలా ఇసుకలోనే ఉండిపోతాయి. వేసవిలో నీళ్ళు తగ్గినప్పుడు చేత్తో ఇసుక జల్లించేవాళ్ళకే అవి దొరుకుతాయి.

జల్లెడ మాట వచ్చింది కాబట్టి ఒక జాగ్రత్త. హుండీ చిల్లరను జల్లించినప్పుడు కిందపడే పసుపు కుంకుమల దుమ్మును కూడా వేళ్ళతో ఒకసారి వెతకాలి. విజయనగరపు రాగి నాణేలు చిన్నవి, మందంగా ఉంటాయి. బంగారు వరహా బరువు 3.4 గ్రాములే, చిటికెన వేలి గోరు కంటే కొంచెం పెద్దది. మన జల్లెడ రంధ్రాల్లోంచి తేలిగ్గా జారిపోతాయి. మా చేలల్లో దుక్కి దున్నేటప్పుడు ఇలాంటి రాగి బిళ్ళలు బయటపడటం, భయంతోనో భక్తితోనో వాటిని గుడిలో వేయడం పల్లెల్లో ఉన్నదే. ఒకవైపు గరుడుడు, ఇంకోవైపు నాగరి లిపిలో కృష్ణరాయల పేరు ఉన్న రాగి ముక్క కుంకుమ దుమ్ముతో పాటు చెత్తలోకి పోయిందంటే, దాన్ని ఇక ఏ రాజూ తెచ్చివ్వలేడు.

భూమిలో నిక్షేపంగా దొరికిన సొమ్ము పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిక్షేపాల చట్టం చెబుతుంది.  వందేళ్ళు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. దాన్ని విదేశాలకు పంపకూడదు. నాణేలను కరిగించడం 2011 నాణేల చట్టం ప్రకారం నేరం. ఈ మాటలు ఎవరినీ భయపెట్టడానికి కాదు. దాచుకుని భయపడేకంటే చూపించి నిశ్చింతగా ఉండటం మేలని చెప్పడానికి.

చిలుము పట్టిన నాణెం దొరికితే దయచేసి చింతపండు పెట్టి తోమకండి. రాగి చెంబు తోమినట్టు తోమితే నిగనిగలాడుతుంది, అక్షరాలు మాత్రం అరిగిపోతాయి. చార్మినారు కమాను కింది ఆవగింజంత అక్షరం ఒక్క తోముకే పోతుంది. మెత్తటి బట్టతో దుమ్ము తుడిచి, కాగితంలో చుట్టి, ఎక్కడ, ఎప్పుడు, ఎవరి ముడుపులో దొరికిందో రాసిపెట్టండి. ఆ చీటీ లేని నాణేనికి సగం విలువే. హైదరాబాదు వెళ్ళినప్పుడు సైఫాబాదులోని పాత టంకశాల చూడండి. 1903లో నిజాము కట్టించిన ఆ టంకశాలలో 2022లో మ్యూజియం తెరిచారు. మీ తాతగారి ముడుపులోని హాలీ బిళ్ళ ఏ చోట అచ్చయిందో అక్కడ తెలుస్తుంది. ఇవాళ మన చేతిలోని నాణెం సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉంటే అది కూడా హైదరాబాదు టంకశాలదే. ఆ పని 1997లో చర్లపల్లికి మారింది.

ఆలయ ధర్మకర్తలకు, లెక్కింపులో కూర్చునే సేవకులకు నాదొక విన్నపం. యంత్రం వద్దన్న డబ్బాను అదే రోజు, అదే జంపఖానా మీద, వెలుతురులో ఒక్కసారి బోర్లించండి. ఊళ్ళో చరిత్ర చెప్పే పంతులుగారినో, నాణేలు సేకరించే కుర్రవాణ్ణో పక్కన కూర్చోబెట్టుకోండి. చెల్లేవి, పాతవి, విదేశీవి, టోకెన్లు అని నాలుగు గిన్నెల్లో వేరుచేసి, సంఖ్య రాసి, ఫోటో తీసి, పంచనామాలో ఒక వరుస చేర్చండి. పాతవి గుడి ఆస్తి, గుడిలోనే ఉండాలి. ఒక చిన్న అద్దాల పెట్టెలో పెట్టి మండపంలో ఉంచితే, దర్శనానికి వచ్చిన పిల్లలు చూస్తారు. దీనికి పెద్ద ఖర్చు కాదు, మహా అయితే ఇంకో పూట పడుతుంది. వచ్చే జాతర లెక్కింపుకే మొదలుపెట్టండి.